పాత స్పోర్ట్స్ కారులో బ్రేకు చప్పుళ్లు, చల్లబడని ఏసీ: లోపాన్ని ఎలా పట్టుకోవాలి

హైదరాబాదులో పదిహేను, ఇరవై ఏళ్ల వయసున్న స్పోర్ట్స్ కారును నడిపేవారికి ఏడాదిలో రెండు కాలాలు పరీక్ష పెడతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఏసీ చతికిలబడుతుంది; జూన్‌లో తొలకరి పడగానే బ్రేకులు చప్పుడు మొదలుపెడతాయి. ఈ రెండు ఫిర్యాదులకూ మన దగ్గర స్థిరపడిపోయిన వైద్యం ఒకటుంది: చప్పుడు వినపడితే ప్యాడ్లు మార్చడం, చల్లదనం తగ్గితే గ్యాస్ కొట్టించడం. విడిభాగం నెలల తరబడి ఎదురుచూస్తే తప్ప దొరకని పాత కారు విషయంలో ఈ పద్ధతి డబ్బునూ కాలాన్నీ తినేస్తుంది కాని, లోపాన్ని మాత్రం ఉన్నచోటనే ఉంచుతుంది. అందువల్ల పానా పట్టుకోకముందే చేయవలసిన పరీక్షలను, చేయవలసిన వరుసలో ఇక్కడ వివరిస్తున్నాను. నా దగ్గర ఉన్నది 2007 నాటి పోర్షే బాక్స్‌టర్ కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా దాని నుంచే వస్తాయి. మీది బీఎండబ్ల్యూ జెడ్4 అయినా, మెర్సిడెస్ ఎస్ఎల్‌కే అయినా పరీక్షల వరుస మారదు.

బ్రేకులు: ముందుగా చెవితో

మొదటి పని ఒక నోటు పుస్తకం తీసుకుని, చప్పుడు ఎప్పుడు వస్తున్నదో రాయడం. బండి చల్లగా ఉన్నప్పుడా, పది కిలోమీటర్లు నడిచి వేడెక్కిన తరువాతా? పెడల్‌ను మెల్లగా తాకినప్పుడా, గట్టిగా తొక్కినప్పుడా, అసలు తొక్కకపోయినా వస్తున్నదా? ముందుకు వెళ్తున్నప్పుడేనా, రివర్స్‌లో కూడానా? స్టీరింగ్ ఒక వైపు తిప్పితే హెచ్చుతున్నదా, తగ్గుతున్నదా? రాత్రి వాన పడిందా? ఈ ప్రశ్నలకు జవాబులు లేకుండా మెకానిక్ దగ్గరకు వెళ్తే ఆయన ఊహించడం తప్ప మరేమీ చేయలేడు.

వినడానికి అనువైన చోటు కూడా ముఖ్యం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి దిగే ర్యాంపు ఇందుకు చాలా బాగా పనికివస్తుంది, ఎందుకంటే రెండు పక్కల గోడలు చక్రాల దగ్గరి శబ్దాన్ని తిరిగి కిటికీలోకి పంపుతాయి. ఆదివారం తెల్లవారుజామున వాహనాలు లేని వీధిలో, ఒక పక్క ప్రహరీ గోడ ఉన్నచోట, గంటకు ఇరవై కిలోమీటర్ల వేగంతో కిటికీలు దించి నడిపినా సరిపోతుంది. మీరు నడుపుతుండగా మరొకరు పక్కన నడుస్తూ, నడక వేగంలో ఒక్కొక్క చక్రాన్నీ వినగలిగితే, సగం పని పూర్తయినట్లే.

ఇక చప్పుళ్ల సంగతి. మన భాషలో వీటికి వేర్వేరు మాటలు ఉండటం నిజంగా ఉపకరిస్తుంది. మెకానిక్‌కు చెప్పేటప్పుడు 'ఏదో సౌండ్ వస్తోంది' అనకుండా సరైన మాట వాడండి.

సన్నగా, చెవిలో గుచ్చుకునే కీచుమనే శబ్దం సాధారణంగా ప్యాడ్ కంపించడం వల్ల వస్తుంది. మెల్లగా తొక్కినప్పుడు వచ్చి గట్టిగా తొక్కితే ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ కంపనమే. ప్యాడ్ ముఖం అద్దంలా నునుపెక్కడం, ప్యాడ్ వెనుక ఉండే షిమ్ అనే సన్నని రేకు పోవడం, ప్యాడ్ అంచులు కాలిపర్‌లో (ప్యాడ్లను డిస్కు మీద నొక్కే భాగంలో) కూర్చునే చోట దుమ్ము పేరుకోవడం దీనికి కారణాలు. బాక్స్‌టర్ కాలిపర్లలో పిస్టన్లలోకి దిగి ప్యాడ్ వీపుకు అతుక్కునే, కంపనాన్ని అణచే చిన్న డ్యాంపర్లు ఉంటాయి. ప్యాడ్లు మార్చేటప్పుడు పాతవి పనికిరాకుండా పోతాయి కాబట్టి కొత్తవి వేయాలి. మన దగ్గర చాలాసార్లు వాటిని పక్కన పడేసి ప్యాడ్లు మాత్రమే బిగిస్తారు. కొత్త ప్యాడ్లు వేయించిన మరునాటి నుంచే కీచుమంటే ముందుగా అనుమానించవలసింది దీన్నే. ఎమరీ పేపరుతో ప్యాడ్ ముఖాన్ని రుద్ది ఇచ్చే వైద్యం కొద్ది రోజుల ముచ్చటే. ఆ రుద్దుడులో లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, పాతకాలపు ప్యాడ్లలో ఆస్బెస్టాస్ కూడా ఉండవచ్చు. అందువల్ల బ్రేకు దుమ్మును గాలి కొట్టి ఊదించకండి, బ్రేక్ క్లీనర్‌తో తడిపి గుడ్డతో తుడవండి.

పెడల్ తొక్కకపోయినా సన్నగా కీచుమంటూ, తొక్కగానే మారిపోయే శబ్దం కొన్ని కార్లలో ప్యాడ్ అరిగిందని చెప్పే రేకు చేసేది. వైరుతో పనిచేసే సెన్సర్ ఉన్న కార్లలో ఈ రేకు ఉండదు, డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. అయితే సెన్సర్ అన్ని ప్యాడ్లకూ ఉండకపోవచ్చు కాబట్టి దీపం వెలగలేదన్న ధీమాతో చూడటం మానుకోవద్దు.

లోహం లోహాన్ని గీరుతున్నట్లు గరగరమంటే బండిని ఆపి చూడాలి. ప్యాడ్ పూర్తిగా అరిగి వెనుక ఇనుప పలక డిస్కును తాకుతున్నప్పుడు వచ్చే శబ్దం ఇదే. కాని రెండు మినహాయింపులు ఉన్నాయి. వానలో తడిసి రాత్రంతా నిలిచిన బండి ఉదయం మొదటి మూడు నాలుగు బ్రేకులకు గరగరమని ఆగిపోతే, అది డిస్కు మీద పట్టిన తుప్పు పొర మాత్రమే. రెండవది కంకర. మన రోడ్ల మీద, ముఖ్యంగా కోకాపేట, నార్సింగి వైపు నిర్మాణాలు సాగుతున్న చోట్ల, చిన్న కంకర ముక్క ఎగిరి డిస్కుకూ దాని వెనుక ఉండే రేకు కవచానికీ మధ్య ఇరుక్కుంటుంది. నా కారులో సరిగ్గా ఇదే జరిగింది. ఒక వర్క్‌షాపులో ముందు ప్యాడ్లు, డిస్కులు రెండూ మార్చారు, చప్పుడు మారలేదు. చివరికి చక్రం విప్పి, చేతితో డిస్కును తిప్పుతూ టార్చి లైటు పట్టి చూస్తే శనగగింజంత రాయి బయటపడింది. అరిగిపోని డిస్కులకు పెట్టిన ఖర్చు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. చక్రం తిరిగే వేగంతో పాటు హెచ్చుతూ, బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఒకేలా ఉండే గీరుడు వింటే మొదట ఆ రేకు కవచాన్ని చూడండి. వంగి తాకుతుంటే చేతితోనే వెనక్కు వంచవచ్చు.

రివర్స్ తీసిన తరువాత ముందుకు కదిలి మొదటిసారి తొక్కగానే ఒక్కసారి టక్కుమంటే, ప్యాడ్ తన గూటిలో వదులుగా ఉండి ఒక కొస నుంచి మరొక కొసకు జరుగుతున్నదని అర్థం. ప్యాడ్‌ను నొక్కిపెట్టే స్ప్రింగ్ గాని, క్లిప్ గాని పోయి ఉంటుంది. బండి స్టార్ట్ చేసి కదిలించిన కొద్దిసేపటికి ఒక్కసారి మాత్రమే వినిపించే గుర్రుమనే చిన్న శబ్దం చాలా కార్లలో ఏబీఎస్ తనను తాను పరీక్షించుకోవడమే కాబట్టి దాన్ని వదిలేయండి. రంధ్రాలున్న డిస్కులు అధిక వేగం నుంచి గట్టిగా తొక్కినప్పుడు ఝుమ్మనడం కూడా సహజమే, కాని ఆ రంధ్రాల చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు అంచు దాకా పాకాయేమో ప్రతి సర్వీసులో చూడాలి. బ్రేకుతో సంబంధం లేకుండా గుయ్‌మంటూ, వంపులో బరువు ఒక పక్కకు ఒరిగినప్పుడు హెచ్చే శబ్దం వీల్ బేరింగ్‌ది. పెడల్ తొక్కి ఉంచినంతసేపూ కాళ్ల దగ్గర బుస్సుమంటే కాలి ఒత్తిడిని పెంచే బూస్టర్‌ను అనుమానించాలి: ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు పెడల్ తొక్కి, కాలు అలాగే ఉంచి స్టార్ట్ చేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి, దిగకపోతే బూస్టర్‌కు వాక్యూమ్ అందడం లేదు.

తరువాత చేతితో, కొలతతో

చక్రం విప్పే ముందు నేల సమతలంగా ఉండాలి, ఎదుటి వైపు చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి, జాకీ మీద మాత్రమే నిలిపిన బండి కింద చేయి కూడా పెట్టకూడదు. జాక్ స్టాండ్లు తప్పనిసరి.

ప్యాడ్ మందాన్ని లోపలి వైపూ, బయటి వైపూ విడివిడిగా కొలవండి. ఘర్షణ పదార్థం 3 మిల్లీమీటర్లకు దిగితే మార్చడం మేలు. కొలత కన్నా రెంటి మధ్య తేడా ఎక్కువ విషయం చెబుతుంది. ఒకే చక్రంలో లోపలి ప్యాడ్ బాగా అరిగి బయటిది నిండుగా ఉంటే, జారుడు కాలిపర్ ఉన్న కారులో అది జారే స్లైడ్ పిన్నులు బిగుసుకున్నాయన్న మాట. వాటిని తీసి, శుభ్రం చేసి, బ్రేకు రబ్బరుకు పనికివచ్చే సిలికోన్ గ్రీజు రాయాలి. మామూలు పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకు రబ్బర్లు ఉబ్బి పాడవుతాయి. బాక్స్‌టర్‌లో ఉన్నవి నాలుగు పిస్టన్ల స్థిర కాలిపర్లు. వాటికి స్లైడ్ పిన్నులే ఉండవు కాబట్టి అక్కడ ఎగుడుదిగుడు అరుగుదలకు పిస్టన్ బిగుసుకోవడం కారణం.

డిస్కుకు ఉండవలసిన కనీస మందం డిస్కు మీదనే అచ్చు వేసి ఉంటుంది. మైక్రోమీటర్‌తో చుట్టూ ఆరు చోట్ల కొలవండి. పెడల్ కాలి కింద అదురుతుంటే మన మెకానిక్‌లు 'డిస్క్ బెండ్' అంటారు, కాని చాలాసార్లు డిస్కు వంగి ఉండదు, మందంలో సన్నని తేడా వచ్చి ఉంటుంది. లేదా డిస్కు కూర్చునే హబ్ మీద పట్టిన తుప్పు తుడవకుండా డిస్కు బిగించడం వల్ల అది ఓరగా కూర్చుని ఉంటుంది. అందుకే డిస్కును కోతకు పంపే ముందు, విప్పి హబ్ ముఖాన్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, తిరిగి బిగించి, వంకరను కొలిచే డయల్ గేజ్‌తో చూడండి. లేత్ మీద కోత వేయిస్తే మందం కనీస కొలత కిందికి పోతుందేమో ముందే లెక్క వేసుకోవాలి.

వేడి పరీక్షకు రాణిగంజ్ దుకాణాల్లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చాలు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పదిహేను కిలోమీటర్లు బ్రేకు అవసరం పెద్దగా రాకుండా నడిపి, సర్వీస్ రోడ్డులోకి దిగి, నెమ్మదిగా ఆగి, నాలుగు డిస్కుల వేడినీ చూడండి. ఎడమ, కుడి డిస్కులు దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి మాత్రం చేయి దగ్గర పెట్టలేనంత కాగి ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుని ఉంది. అప్పుడు ఆ చక్రాన్ని లేపి, కాలిపర్ నుంచి ద్రవాన్ని బయటికి వదిలే బ్లీడ్ నిపుల్‌ను కొద్దిగా వదలండి: ద్రవం చిమ్మి చక్రం స్వేచ్ఛగా తిరిగితే లోపల ఉబ్బి మూసుకుపోయిన రబ్బరు హోసుది తప్పు, అప్పటికీ బిగుసుగానే ఉంటే పిస్టన్‌ది లేదా పిన్నుది. ఈ ఒక్క పరీక్ష కాలిపర్ ధరను మిగిల్చిన సందర్భాలు ఉన్నాయి. వెనుక చక్రమైతే హ్యాండ్‌బ్రేక్‌ను కూడా మరచిపోవద్దు. బాక్స్‌టర్‌లో అది వెనుక డిస్కు మధ్య భాగంలో దాగి ఉన్న చిన్న డ్రమ్ బ్రేకు, దాని షూలు సరిగా వదలకపోయినా వేడి, గీరుడు రెండూ వస్తాయి.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. అనంతగిరి కొండల దారి దిగేటప్పుడు పెడల్ మెత్తబడితే కారణం ఇదే కావచ్చు. రెండేళ్లకొకసారి, వానాకాలం ముగిశాక మార్చుకోవడం నేను పాటించే పద్ధతి. ప్యాడ్లు కొత్తవి వేసినప్పుడు ఖాళీ రోడ్డు మీద గంటకు 60 కిలోమీటర్ల నుంచి 15కు, పూర్తిగా ఆగకుండా, ఎనిమిది పదిసార్లు మధ్యస్థంగా తొక్కి, తరువాత కొంతదూరం బ్రేకు ముట్టకుండా చల్లబరచండి. ప్యాడ్‌ను డిస్కుకు కుదిర్చే ఈ పనిని వదిలేయడం వల్లనే కొత్త ప్యాడ్లలో సగం కీచుమంటాయని నా నమ్మకం.

ఏసీ: గ్యాస్ అనే మాటను చివరకు ఉంచండి

ఏసీ ఒక మూసి ఉన్న వలయం. అందులోని గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. పాత కారులో రబ్బరు హోసుల గుండా ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గడం నిజమే కాని, ప్రతి వేసవిలోనూ గ్యాస్ కొట్టించవలసి వస్తున్నదంటే అది లీకు. ఆ లీకును వెతకకుండా నింపడం చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఇక్కడ కూడా మొదటి ప్రశ్న 'ఎప్పుడు' అన్నదే. ఔటర్ మీద చల్లగా ఉండి, బయోడైవర్సిటీ జంక్షన్ ట్రాఫిక్‌లో నిలబడగానే వేడి గాలి వస్తుంటే, గ్యాస్ కన్నా ముందు, ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీదుగా గాలి పోతున్నదా లేదా చూడాలి. దానికి విరుద్ధంగా మొదట చల్లగా ఉండి, అరగంట హైవే ప్రయాణం తరువాత గాలి బలం తగ్గి, ఏసీ కాసేపు ఆపితే మళ్లీ బాగుపడుతుంటే, లోపలి గాలిని చల్లబరచే ఎవాపరేటర్ మీద మంచు కడుతున్నది. ఒక పక్క వెంట్ చల్లగా, మరొక పక్క వెచ్చగా ఉంటే డ్యాష్‌బోర్డు లోపలి ఫ్లాపును తిప్పే మోటారుది తప్పు కావచ్చు, గ్యాస్ తక్కువైనప్పుడు కూడా కొన్ని కార్లలో ఇలాగే అవుతుంది. వెంట్లలో నుంచి నల్లని ఫోమ్ ముక్కలు ఎగిరివస్తుంటే, ఆ ఫ్లాపుల మీద అతికించిన ఫోమ్ పొడిపొడి అవుతున్నదని గుర్తించండి; ఆ కాలపు జర్మన్ కార్లలో ఇది మామూలు.

ట్రాఫిక్‌లో వేడెక్కే సమస్యను కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హైదరాబాదు వేసవిలో ఎక్కువమందిని బాధించేది ఇదే. బాక్స్‌టర్ ఇంజిన్ సీట్ల వెనుక ఉంటుంది కాని రేడియేటర్లు, వాటి ముందు కండెన్సర్లు, ముందు బంపర్‌కు రెండు మూలల్లో ఉంటాయి. ఆ గాలి నోళ్లు రోడ్డు మీది చెత్తను ఊడ్చినట్లు లోపలికి లాగుతాయి. ఫిబ్రవరి, మార్చిలో కానుగ, వేప చెట్లు ఆకు రాల్చే వీధుల్లో నిలిపిన బండిలో వేసవి మొదలయ్యేసరికి అక్కడ గుప్పెడు ఎండుటాకులు, దుమ్ము కలిసి అట్టకట్టి ఉంటాయి. బయటి నుంచి టార్చి వేసి చూస్తే కొంత కనబడుతుంది, కాని కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య ఇరికినది బంపర్ విప్పితే తప్ప కనబడదు. మెత్తని బ్రష్, వాక్యూమ్ క్లీనర్, మామూలు కుళాయి నీటి ధారతో శుభ్రం చేయండి. ప్రెషర్ వాషర్ వాడితే రెక్కలు వంగి గాలి దారి శాశ్వతంగా మూసుకుంటుంది. తడిసిన ఆకులు అల్యూమినియాన్ని తినేసి కండెన్సర్‌కు చిల్లు పెడతాయి కాబట్టి, ఈ శుభ్రత లీకును కూడా ముందే ఆపుతుంది.

తరువాత ఫ్యాన్లు. ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసి, బానెట్ దగ్గర నిలబడి వినండి. కొద్ది క్షణాల్లో రెండు వైపులా ఫ్యాన్లు నెమ్మది వేగంతో తిరగాలి. ఈ తరం పోర్షేలలో నెమ్మది వేగాన్ని ఇచ్చే రెసిస్టర్ కాలిపోవడం సుపరిచితమైన లోపం. అప్పుడు ఫ్యాన్ మోటారు బాగానే ఉంటుంది, నీరు బాగా కాగినప్పుడు గట్టి వేగంతో తిరుగుతుంది కూడా, కాని ఏసీకి కావలసిన వేళ కదలదు. చిన్న భాగం, దాని కోసం ఎందరో మూడు నాలుగుసార్లు గ్యాస్ నింపించుకుంటారు. అది చూసినప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

ఫ్యాన్లు, కండెన్సర్, క్యాబిన్ ఫిల్టర్ మూడూ సరిగా ఉన్నాయని తేలిన తరువాతనే పీడనం చూపే గేజ్ తగిలించండి. కళ్లకు అద్దాలు, చేతులకు గ్లవ్స్ ఉండాలి; చిమ్మిన గ్యాస్ చర్మాన్ని గడ్డకట్టిస్తుంది. ముందుగా బానెట్ కింద లేబుల్ చదివి, ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది రాసుకోండి. 1990ల మధ్య నుంచి వచ్చిన కార్లలో సాధారణంగా ఆర్-134ఎ అనే గ్యాస్ ఉంటుంది. అంతకన్నా పాతవాటిలో ఆర్-12 ఉండేది, దాని నూనె కూడా వేరు. గ్యాస్ చవకగా దొరుకుతుందని వంటగ్యాస్ జాతి మిశ్రమాన్ని నింపేవారు ఉన్నారు. అది మండే పదార్థం. డబ్బా మీద పేరు చదవకుండా ఎక్కించుకోవద్దు.

నీడలో కొన్ని గంటలు నిలిపిన బండిలో, ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు, ఆర్-134ఎ పీడనం చుట్టూ ఉన్న ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది: 30 డిగ్రీల దగ్గర సుమారు 97 పీఎస్‌ఐ (పీడనపు కొలత), 35 దగ్గర సుమారు 114. అంతకన్నా బాగా తక్కువ ఉంటే లోపల ద్రవం మిగలలేదు, లీకు పెద్దది. కాని ఆ అంకె సరిగా ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నదని అనుకోకూడదు. లోపల ఒక్క చెంచాడు ద్రవం మిగిలినా పీడనం అదే చూపిస్తుంది. ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి బయటకు తీసి తూచడం ఒక్కటే మార్గం.

ఇప్పుడు ఇంజిన్‌ను 1500 ఆర్‌పీఎం దగ్గర ఉంచి, బ్లోయర్ పూర్తిగా పెట్టి రెండు గేజ్‌లనూ చూడండి. 35 డిగ్రీల ఎండలో తక్కువ పీడనం వైపు 30 నుంచి 45, ఎక్కువ పీడనం వైపు 200 నుంచి 250 పీఎస్‌ఐ మామూలు. రెండూ తక్కువైతే గ్యాస్ తక్కువ. రెండూ ఎక్కువైతే అతిగా నింపారు, లేదా కండెన్సర్ చల్లబడటం లేదు, లేదా లోపల గాలి చేరింది. బకెట్ నీళ్లు కండెన్సర్ మీద పోయగానే పీడనం తగ్గి వెంట్ చల్లబడితే గాలి ప్రవాహమే సమస్య. తక్కువ వైపు ఎక్కువగా, ఎక్కువ వైపు తక్కువగా ఉంటే కంప్రెసర్ అరిగింది. తక్కువ వైపు సున్నా వైపు జారిపోతుంటే ద్రవాన్ని సన్నని దారి గుండా ఎవాపరేటర్‌లోకి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ మూసుకుంది, లేదా లోపలి తేమ అక్కడ మంచుగా గడ్డకట్టింది. కంప్రెసర్ క్లచ్ అసలు పట్టకపోతే ఫ్యూజు, రిలే, క్లచ్‌కు వచ్చే కరెంటు చూసి, ఆ తరువాతనే కంప్రెసర్‌ను తప్పుపట్టండి.

లీకు వెతకడానికి నైట్రోజన్‌తో పీడనం పెట్టి సబ్బు నురుగు రాయడం మంచి పద్ధతి. ఆక్సిజన్ ఎన్నడూ వాడకూడదు, లోపలి నూనెతో కలిస్తే పేలుతుంది. మధ్యలో ఇంజిన్ ఉన్న కారులో ఏసీ పైపులు కారు పొడవునా సాగుతాయి. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లకు అడుగు తాకే బండిలో వాటిని తప్పక పరీక్షించాలి. నూనె మరక, దానికి అంటిన దుమ్ము కనబడితే అక్కడే లీకు. లోపలి కార్పెట్ తడిగా ఉంటే ఎవాపరేటర్ డ్రెయిన్ మూసుకుని ఉండవచ్చు. ఓపెన్ టాప్ కారులో మాత్రం వాననీరు పోయే టాప్ డ్రెయిన్లను కూడా చూడాలి. ఎండ రోజున ఏసీ నడిపితే తడి పెరుగుతున్నదా, వాన పడిన రోజునే పెరుగుతున్నదా అన్నది రెంటినీ విడదీస్తుంది.

మరమ్మతు కోసం వలయాన్ని విప్పినప్పుడల్లా తేమను పీల్చే రిసీవర్ డ్రయ్యర్ కొత్తది వేయాలి, ఓ-రింగులు మార్చాలి, లేబుల్ చెప్పిన రకం నూనె పోయాలి. తరువాత కనీసం 45 నిమిషాలు వాక్యూమ్ లాగి (పంపుతో లోపలి గాలిని తీసేసి), పంపు ఆపి, అరగంట సేపు ముల్లు కదలకుండా నిలవాలి. హైదరాబాదు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్లకు పైగా ఎత్తున ఉండటం వల్ల ఇక్కడ గేజ్ ముల్లు 28 అంగుళాల (పాదరసపు కొలత) దగ్గర ఆగితే అదే పూర్తి వాక్యూమ్. 30 దగ్గరకు రాలేదని పంపును తప్పుపట్టనవసరం లేదు. చివరగా గ్యాస్‌ను పీడనం చూసి కాక, త్రాసు మీద తూచి, లేబుల్ మీది గ్రాముల మేరకు నింపించండి. నింపిన తేదీ, గ్రాములు, ఆ రోజు వెంట్ దగ్గర థర్మామీటర్ చూపిన అంకె ఒక చీటీ మీద రాసి బానెట్ లోపలి వైపు అతికించండి. వచ్చే ఏడాది మే నెలలో చల్లదనం తగ్గితే, మెకానిక్‌కు మొదట చూపవలసింది ఆ చీటీనే.